చింతపండుతో తోమిన బోల్టు

మేడ్చల్ పారిశ్రామికవాడలోని ఉక్కు పరీక్షల ల్యాబుకు ఫణిభూషణ్ ఆ ఉదయం ఒకే ఒక్క కోరికతో వచ్చాడు. యంత్రం బలంగా లాగిపట్టగా ఉప్పునీటి తొట్టిలో వారం పైగా నానుతున్న బోల్టు, మధ్యాహ్నం దాకా విరగకుండా ఉంటే చాలు. బోల్టుల ఫ్యాక్టరీ యజమాని శంకరయ్య శామీర్‌పేట నుంచి వచ్చి కళ్లారా చూసుకుంటాడు. అప్పుడు ల్యాబు మేనేజరు తన ఉద్యోగం ఖాయం చేస్తాడు.

తొట్టిలోకి తొంగిచూశాడు. తుప్పు పట్టి ఉండాల్సిన బోల్టు పూజగదిలో చెంబులా మెరుస్తోంది.

"దుర్గాబాయీ, దీన్నేం చేశావ్?"

"ఇయ్యాల ఆయుధపూజ గద సార్," అంది ల్యాబు ఊడ్చే దుర్గాబాయి, మెచ్చుకుంటాడన్న ఆశతో. "నీళ్లు తుప్పుతోని ఎర్రగైనయి. నిన్న పారబోసి చింతపండు పులుసు పోసిన. రాత్రంత మంచిగ నానింది."

తుప్పు వల్ల గట్టి ఉక్కులోకి కొంచెం కొంచెంగా చేరే హైడ్రోజన్, పులుపు తగిలితే ఎగబడి దూరుతుంది. ఆ ఉక్కు ఎప్పుడు బిస్కెట్‌లా విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఫణిభూషణ్ గబగబా పులుసు తోడేసి ఉప్పునీళ్లు నింపాడు. నీళ్ల పైకి మెరుస్తున్న భాగానికి కుంకుమ తడిపి తుప్పులా పూశాడు.

అంతలోనే శంకరయ్య దిగాడు. కుంకుమ చూసి దండం పెట్టాడు. "నేను రాకముందే పూజ మొదలువెట్టిండ్రా సారూ? కొబ్బరికాయ నేనే కొడ్త. బోల్టు నాది గద."

"ముందు టీ తాగండి శంకరయ్య గారూ."

"దేవుని పనికి ముందు టీ ఏంది?"

శంకరయ్య కొబ్బరికాయను యంత్రం కాలికేసి కొట్టాడు. కాయ రెండు చెక్కలైంది. ఆ వెంటనే బోల్టూ రెండు ముక్కలైంది.

ఇక దాచి లాభం లేదు. ఉద్యోగం మీద ఆశ వదులుకుని ఫణిభూషణ్ చింతపండు పులుపుకు ఉక్కు పెళుసవడం మొదలు కుంకుమ దాకా అంతా చెప్పేశాడు.

శంకరయ్య కొబ్బరిచెక్కలతో అలాగే కూలబడ్డాడు. "మా కాడ పూత వెయ్యకముందు బోల్టులను యాసిడ్‌ల ముంచుతం," అన్నాడు మెల్లగా. "బిగించిన రెండు దినాలకు ఇరుగుతున్నయి. బోల్టులు బిగించే ఓదెలు ఎక్కువ బిగిస్తున్నడని వాణ్ని పనిలకెల్లి తీసేసిన." బోల్టు ముక్కలను జేబులో వేసుకున్నాడు. "గిది ఇరగకపోతే నాకెట్ల తెలుస్తుండె? ఓదెలును మళ్ల పిలుస్త. మీ మేనేజరుకు నేను జెప్త."

సాయంత్రానికి ఫణిభూషణ్ ఉద్యోగం ఖాయమైంది. పట్టలేని సంతోషంతో, "అది విరగడమే మంచిదైంది దుర్గాబాయీ," అన్నాడు.

"ఇరగాల్నని ముందే జెప్పకపోయిండ్రు సార్," అంది దుర్గాబాయి చీపురు అందుకుంటూ. "సుత్తె తెస్తుంటి."