వెర్నా వదిన చెప్పని చోటు

ఆ ఆదివారం పొద్దున వెర్నా టోలెఫ్‌సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీల దగ్గర లేచి నిలబడి, రోడ్ల పక్కన గడ్డి కోత విత్తనాలు రాలేదాకా ఆపమని ఊరిని అడగాలి. ఆ గడ్డిలో ఒకచోట వెండిరంగు కొమ్మల బుష్ క్లోవర్ మొక్కలు నాలుగున్నాయి. అంతరించిపోతున్న జాతి అది. మొగుడు పోయాక ఆమె రోజూ వెళ్లి పలకరించేది వాటినే. "ప్రమాదంలో ఉందని అందరికీ చెప్పండి, ఎక్కడుందో మాత్రం చెప్పకండి" అని మొక్కల అధికారి ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. పోయినేడు చోటు పొక్కి, పక్క ఊళ్లో ఆర్కిడ్లను ఎవడో వేళ్లతో సహా పెకలించుకుపోయాడు.

వెర్నా చోటు తప్ప అన్నీ చెప్పింది. అందరూ నిమ్మకాయ కేకు నములుతూ అయ్యో పాపం అన్నారు. ఊరికి గడ్డి కోసిపెట్టేది ఆమె మరిది కర్మిట్.

"దానికింత గొడవెందుకు వదినా. చోటు చెప్పు, అదొక్కటీ వదిలేసి మిగతాది కోస్తా."

"చెప్పకూడదు."

"మిల్లు దగ్గరా?"

"కాదు."

"శ్మశానం దగ్గరా?" అంది పక్కింటి ఆర్లిస్.

"కాదే తల్లీ."

"మన తూము దగ్గరా?" అన్నాడు మరిది.

వెర్నా కాఫీ కప్పులోకి చూసింది. ఆమెకు అబద్ధమాడటం చేతకాదు.

"తూము దగ్గరే" అన్నాడు కర్మిట్. "నేనెవరికీ చెప్పనులే వదినా."

ఊరంతా ఆ గదిలోనే ఉంది కనుక, చెప్పడానికి నిజంగానే ఎవరూ మిగల్లేదు.

"కర్మిట్, నీ యంత్రం అటు వెళ్లిందో, మా ఇంట్లో నీకు కాఫీ బంద్" అని బెదిరించి, మర్నాడే వెర్నా అధికారిని వెంటబెట్టుకు రావడానికి రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్ వెళ్లింది.

మంగళవారం ఇద్దరూ వచ్చేసరికి తూము దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. నున్నగా చెక్కేసిన నేల మీద కొత్త కంకర. మధ్యలో తెల్ల కంచె, కంచెలో నారింజరంగు లిల్లీ.

"చూశావా వదినా, ఒక్క రేకు రాలనివ్వలేదు" అన్నాడు కర్మిట్ గర్వంగా. "జనం బాగా వస్తున్నారని చుట్టూ కలుపు చెక్కించి కంకర పోయించా."

"ఇది మా పెరట్లోంచి పీకి నేనిక్కడ పారేసిన లిల్లీ కదా" అంది ఆర్లిస్.

"అరుదైనదంటే అందంగా ఉంటుందనుకున్నా" అన్నాడు కర్మిట్ చిన్నబోయి.

వెర్నా కంకర పక్కన మట్టికుప్ప ముందు మోకాళ్ల మీద కూలబడింది. వేళ్లు తెగిన నాలుగు వెండిరంగు కొమ్మలు దొరికాయి, వాడిపోయి. కోపం రావలసిన చోట ఆమెకు ఏడుపొచ్చింది. అమాయకుణ్ణి తిట్టడానికి కూడా వీల్లేని ఏడుపు.

అధికారి చాలాసేపు వెతికి, టోపీ తీశాడు. "ఇక్కడ ఇక లేనట్టేనండి. ఒక విధంగా మన పని తేలికైంది. పోయినదాని చోటు దాచక్కర్లేదు."

వారం తిరక్కుండా, అందరూ చూసే ప్రభుత్వ మొక్కల పటంలో తూము దగ్గర చుక్క పెట్టారు. ఎవరైనా వెళ్లి చూడవచ్చు. కారు ఆపుకోవడానికి కంకర కూడా ఉంది.