కొండల్ రావు మత్తుమందు బేరం

ఆ రోజు పథకం చిన్నదే. పొద్దున్నే అమెరికాలోని హెర్న్‌డన్ ఆసుపత్రిలో కొండల్ రావుకు హెర్నియా ఆపరేషన్, సాయంత్రానికి కూతురు జాహ్నవి ఇంట్లో మెత్తటి పెరుగన్నం. అందులో ఆయనకు నచ్చనిది మత్తు ఒక్కటే. ఖమ్మం మిర్చి యార్డులో కాటా ఊగుతుంటే రెప్పవేయని మనిషి, తన పొట్ట కోస్తుంటే నిద్రపోవడమా? చూసే కన్ను లేనిచోట తూకం తప్పుతుందన్నది ఆయన లెక్క. కోసేచోట మొద్దుబారిస్తే చాలు, మెలకువ మాత్రం వదులుకోనని తీర్మానించుకున్నాడు.

మత్తు డాక్టరు హంసిక అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఏ మత్తు ఇచ్చేదీ చెప్పకముందే, అందరినీ అడిగే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"మీ బ్లడ్ రిలేటివ్స్‌లో ఎవరికైనా అనస్థీషియా ఇస్తే హై ఫీవర్ రావడం, బాడీ స్టిఫ్ అవడం, అలా అయిందా అంకుల్?"

కొండల్ రావుకు దారి దొరికింది. సరుకులో వంక చూపిస్తే అమ్మేవాడే దిగివస్తాడు. సొంతవాళ్లను ఇరికించడం ఇష్టంలేక బావమరిది విశ్వనాథ్‌ను ముందుకు తోశాడు. అతని ఆపరేషన్లో జ్వరం వచ్చిందని, ఒళ్లు బిగుసుకుందని, ఆమె చెప్పినవేవీ వదలకుండా ఒప్పుకున్నాడు.

"ఆంటీ బ్రదరా? అయితే మీకు బ్లడ్ రిలేషన్ కాదు కదా."

బేరం చేజారుతోంది. "ఎందుక్కాదమ్మా? మాది మేనరికం. వాడు మా మేనమామ కొడుకే."

హంసిక మొహం మారింది. విశ్వనాథ్‌తో ఒకసారి మాట్లాడాలంది. పక్కనే ఉన్న జాహ్నవి ఖమ్మానికి వీడియో కాల్ కలిపింది. విశ్వనాథ్ దుకాణంలో బావకు భాగస్తుడు. బావ కనుబొమ ఎగరేస్తే ధర పెంచడం అతని ఉద్యోగం. ఆపరేషన్లో ఒళ్లు బిగుసుకుందా అని హంసిక అడగ్గానే తెరమీద ఆ కనుబొమ ఎగిరింది.

"నాకొక్కడికేనా డాక్టరమ్మా? మా నాయన కూడా గట్లనే కట్టెలెక్క బిగుసుకుపోయిండు."

హంసిక కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇది వంశంలో వచ్చేదని, జాహ్నవికి తల్లివైపునుంచీ తండ్రివైపునుంచీ కూడా రావచ్చని చెప్పింది. వచ్చే వారం జాహ్నవికి జరగాల్సిన గాల్ బ్లాడర్ ఆపరేషన్ పూర్తి మత్తులో చేసేది. పరీక్షలు తేలేదాకా, నెలలు పట్టినా సరే, అది ఆపాల్సిందేనంది.

పిత్తాశయంలో రాళ్లతో జాహ్నవి పడుతున్న బాధ కొండల్ రావు రోజూ చూస్తున్నదే. రెండు ముద్దలు దిగితే చాలు, కుడి డొక్క నొక్కిపట్టుకుని లేచిపోతుంది. ఇప్పుడూ చెయ్యి అక్కడికే వెళ్లింది.

"పర్లేదు నాన్నా. నీకేం కాకముందే తెలిసింది," అంది.

తన బేరంలో నష్టం కూతురి ఖాతాలో పడింది. కొండల్ రావు తల దించుకున్నాడు.

"వాడికి ఆపరేషనే కాలేదమ్మా. మా మామ ఆసుపత్రి గడపే తొక్కలేదు. నిద్రపుచ్చుతారని భయపడి అబద్ధమాడిన."

"మరి కనుబొమ ఎందుకు ఎగరేసినవ్ బావా?" అన్నాడు ఫోన్లోంచి విశ్వనాథ్.

హంసిక ఇద్దరినీ విడివిడిగా మళ్లీ మళ్లీ అడిగి నిజం తేల్చుకుంది. తర్వాత నిదానంగా చెప్పింది.

"అంకుల్, మీకు ఫుల్ అనస్థీషియా అని ఎవరన్నారు? వెన్నులో ఒక ఇంజెక్షన్, అంతే. నడుం కింద నంబ్ అవుతుంది. మీరు మెలకువగానే ఉంటారు."

కోరిన సరుకు కోరినట్టే చేతికొచ్చింది. కొండల్ రావు దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"కోస్తుంటే చప్పుడు వినబడుతదా అమ్మా?"

"వినిపిస్తుంది. సర్జన్ మాటలు కూడా. కావాలంటే నిద్రకి కొంచెం మందు ఇస్తాను. దానికీ కొంచెం రిస్క్ ఉంది."

వ్యాపారం చేసినన్నాళ్లూ ఎవరికీ కొసరు వేసి ఎరగని కొండల్ రావు, ఆ పూట కొసరు అడిగి మరీ నిద్రపోయాడు.