వాలిన రెప్ప

వాచీలు బాగుచేసే మేస్త్రి ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: దుకాణం తెరిచేలోగా చర్మం డాక్టరు దగ్గరికెళ్ళి, కనుబొమల నడుమ ముడతలకు సూది వేయించుకుని రావడం. ముప్పయ్యేళ్ళుగా కంటికి భూతద్దం బిగించి బిగించి ముఖం ఎప్పుడూ చిట్లించినట్టే ఉండిపోయింది. జనం ‘చిరాకు మేస్త్రి’ అనేవారు. వాచీ చేతిలో పెట్టి పారిపోవడమే తప్ప, ఎదుటి కుర్చీలో కూర్చుని నాలుగు మాటలాడిన పాపాన పోలేదు ఒక్కడూ. ముఖం విప్పారితే మనుషులొస్తారని ఆయన ఆశ.

“సాయంత్రం దాకా అక్కడ ఒత్తిడి తగలనివ్వకండి” అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మేస్త్రి చెయ్యి తగలనివ్వలేదు. దుకాణానికొచ్చి, అలవాటు కొద్దీ భూతద్దం మాత్రం కుడి కనుబొమ కింద బిగించాడు.

నాలుగో రోజుకు ముడతలు పోయాయి. వాటితోపాటు కుడి రెప్ప కూడా వాలిపోయింది.

“అయ్యో మేస్త్రీ, పక్షవాతం!” అన్నాడు పక్క దుకాణం టైలరు. “మా మామయ్యకూ కంటితోనే మొదలైంది!”

“అబ్బే, అది కాదయ్యా...”

“మాట్లాడకు, నోరు కూడా పడిపోతుంది!”

యాభై నాలుగేళ్ళ వయసులో సోకు కోసం సూది పొడిపించుకున్నానని ఏ ముఖంతో చెబుతాడు? నోరు మూసుకున్నాడు. మాట కూడా పడిపోయిందనుకుని, టైలరు ఆయన అక్కకు ఫోన్ చేశాడు.

ఆరేళ్ళుగా మాటల్లేని అక్క సాయంత్రం బస్సుకే దిగింది.

“ఒరేయ్, చెయ్యి లేస్తోందా?”

లేస్తోందంటే తిరుగు బస్సెక్కేస్తుందేమోనని భయమేసింది. “లేవట్లేదక్కా.”

మర్నాటికి కాలు కూడా పడిపోక తప్పలేదు. బాగున్నన్నాళ్ళూ గుమ్మం తొక్కనివాళ్ళు పళ్ళు పట్టుకుని దిగారు. లోకం తీరే అంత. అక్క అన్నం కలిపి తినిపించింది, తల దువ్వింది, చిన్నప్పటి తగాదాలన్నీ తవ్వి తీసి తిట్టింది. తిట్లయితేనేం, ఇంట్లో ఇంకో గొంతు వినబడి ఎన్నాళ్ళయిందో! మేస్త్రి హాయిగా తిట్టించుకున్నాడు.

వారం తిరక్కుండా, రెప్ప ఇంకా లేవట్లేదని అక్క పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. నరాల డాక్టరు అరికాల్లో గీకాడు. పడిపోయిన కాలు ఎగిరి ఆయన్ని తన్నినంత పని చేసింది.

“నుదుటికి సూది వేయించుకున్నారా?”

మేస్త్రి తల వంచాడు.

“పక్షవాతమూ లేదు, పాడూ లేదు. ఆ మందు రెప్పలోకి జారిందంతే. ఈ చుక్కలు వేస్తే రెప్ప కాస్త లేస్తుంది. వెయ్యకపోయినా రెండు మూడు నెలల్లో అదే సర్దుకుంటుంది” అంటూ డాక్టరు చీటీ రాసిచ్చాడు.

బయటికొచ్చాక మేస్త్రి గొణిగాడు. “తప్పయిపోయిందక్కా. నీకు సాయంత్రం బస్సుంది...”

“చెయ్యి సంగతి మొదటిరోజే తెలుసురా నాకు. పడిపోయిన చేత్తో ఈగను తోలావు.”

“మరెందుకున్నావు?”

అక్క గోడవైపు తిరిగింది. “మా ఇంట్లో ఈగను తోలడానికి ఇంకో చెయ్యి లేదు.”

ఇద్దరూ మందుల షాపు ముందునుంచే, ఆగకుండా ఇంటిదారి పట్టారు. చీటీ ఎవరి దగ్గరుందని ఒక్కరూ అడగలేదు.