పైన ఇరవై, కింద డెబ్బై

ఆదివారం పొద్దున్నే వంటింట్లోకి వచ్చిన హెటీ, ఒకే కొక్కేనికి పక్కపక్కన వేలాడుతున్న రెండు కొత్త ఏప్రన్లను చూసి ఊరికే మురిసిపోయింది. పెళ్లయి రెండు నెలలు. షెఫీల్డ్‌లో చిన్న ఇటుకల ఇల్లు, దానికో పిల్లి. ఆ రోజు పథకం చాలా సులువు. మొగుడు గారెత్, తను కలిసి బీరు కాచి బకెట్‌లో పోయాలి. చల్లారాక చిక్కదనం కొలవాలి. భోజనానికి వచ్చే నాన్నకు ఆ కొలత చూపించాలి.

నాన్న స్టాన్లీ హెటీ పుట్టకముందు నుంచీ ఇంట్లో బీరు కాస్తున్న మనిషి. వచ్చే నెల అమ్మ పుట్టినరోజు విందుకి బీరు ఎవరిదో తేల్చే షరతు ఆయన ముందే పెట్టేశాడు. "ఈస్ట్ వేసే ముందు కొలత నలభై అయిదు రావాలి. వస్తే ఈసారి బీరు మీది. రాకపోతే ఎప్పట్లాగే నాది. పంచదార వేసి కొలత పెంచే పనులు నా దగ్గర కుదరవు, అల్లుడూ. అది బీరు కాదు, దగ్గు మందు."

బంధువులందరి ముందూ గారెత్ బీరు వంచుతుంటే పక్కన నిలబడి గ్లాసులు అందిస్తున్నట్టు హెటీకి అప్పటికే రెండుసార్లు కల వచ్చింది.

మాల్ట్ పాకం, చేదు కోసం హాప్స్ పువ్వులు కలిపి మరిగిస్తుంటే ఇల్లంతా కాల్చిన రొట్టె వాసన. ఆ పాకాన్ని వెనక గదిలో, అడుగున కుళాయి ఉన్న బకెట్‌లో పోసి, గీత వరకూ చన్నీళ్లు నింపారు. చల్లారాక గారెత్ పైనుంచి గరిటెతో తీసి, గాజు గొట్టంలో పోసి, చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ వదిలాడు. చిక్కగా ఉంటే పైకి తేలాల్సింది కాస్తా మునిగి కూర్చుంది.

"ముప్ఫై రెండు," అన్నాడు. తర్వాత హెటీ నోట్లోని చెంచా వైపు చూశాడు. "డబ్బాలో పాకం ఎంత నాకేశావు?"

"అడుగున అంటుకున్నదే."

"అడుగు ఎంత లోతుందో మరి."

హెటీ చెంచాను వీపు వెనక దాచింది. దాచాక, గుమ్మడికాయల దొంగలా ఎందుకు దాచానా అని నాలుక కరుచుకుంది.

"బ్రెడ్ తెస్తా," అంటూ గారెత్ కోటు వేసుకున్నాడు. ఇంట్లో బ్రెడ్ ఉంది.

అతను గడప దాటగానే హెటీ కుళాయి తిప్పి తనూ కొలిచింది. అరవై. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అరవయ్యే. అప్పుడు వెలిగింది ఆమెకు. పంచదార ఎప్పుడో గుట్టుగా కుమ్మరించేశాడు, అది కప్పిపుచ్చడానికి తన మీద నింద వేశాడు. రెండు నెలలకే ఇన్ని నాటకాలా? కొలత చూస్తే నాన్న ఇట్టే పట్టేస్తాడు. మొగుడి పరువు కాపాడాలి కదా అని పెద్ద జగ్గుడు నీళ్లు, చప్పుడు కాకుండా, బకెట్‌లో వంచింది.

గారెత్ బ్రెడ్‌తో తిరిగొచ్చాడు. కోటు జేబు ఉబ్బి ఉంది. "పైకెళ్లి మంచి టేబుల్ గుడ్డ తే, బంగారం," అన్నాడు, అవసరానికి మించిన తీపితో. ఆమె కిందికి వచ్చేసరికి జేబు చప్పబడింది. మొహం మాత్రం ఉబ్బి ఉంది.

"మళ్లీ కొలిచా. ఇప్పుడు ఇరవై. పాలవాడు కూడా ఇన్ని నీళ్లు కలపడు."

"నన్నెందుకు చూస్తావు?"

"ఇంట్లో ఉన్నది నువ్వూ, పిల్లీ. పిల్లికి జగ్గు పట్టుకోవడం రాదు."

"పిల్లికి జేబులు కూడా ఉండవు," అంది హెటీ.

అతను పొయ్యిలో మాంసం తిప్పడానికి వెళ్లగానే ఆమె మళ్లీ కుళాయి తిప్పింది. డెబ్బై! ఇంకో జగ్గు పోసింది. బకెట్ అంచుల దాకా నిండింది. వీధి గంట మోగింది.

స్టాన్లీ టోపీ కూడా తియ్యకుండా నేరుగా వెనక గదికి నడిచాడు. "ఇంత నిండుగా ఎవరైనా పోస్తారా అమ్మాయ్?" అంటూ పొడుగాటి తెడ్డు అందుకుని అడుగు నుంచి తిప్పసాగాడు. బకెట్ పొర్లి ఆయన బూట్లు తడిశాయి. అయినా ఆపలేదు.

"కలపకుండా కొలిచే మహానుభావులు ఉంటారు. బరువైన పాకం అడుగున, నీళ్లు పైన. పైన తీస్తే ఒక కొలత, కుళాయిలో పడితే ఇంకో కొలత. కాపురాలు కూలిపోతాయి దాంతో. మీరు కలిపే కొలిచారుగా?"

"ఆఁ," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆయన గొట్టం నింపుతుంటే గారెత్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అరకిలో పంచదార."

"రెండు జగ్గుల నీళ్లు," అంది హెటీ. పెళ్లి ప్రమాణాలప్పుడు కూడా వాళ్లు ఇంత నిజాయితీగా మాట్లాడుకోలేదు.

"పోయింది. విందు బీరు మీ నాన్నదే."

"ఏమిటా గుసగుసలు?" అన్నాడు స్టాన్లీ. హైడ్రోమీటర్ రెండు ఊగులు ఊగి నిలబడింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశాడు. నమ్మకం కలగక, దాన్ని మంచినీళ్లలో వేసి చూశాడు. సరిగ్గా సున్నా. మళ్లీ బీరులో వేశాడు.

నలభై అయిదు.

ఆమె నీళ్లూ అతని పంచదారా చెల్లుకు చెల్లు అయిపోయాయి.

"మొదటి కాపుకే వెంట్రుకవాసి తేడా లేకుండా ఎలా తెచ్చారు?"

"ఇద్దరం కలిసి చేశాం నాన్నా," అంది హెటీ. అందులో అబద్ధం లేదు.

స్టాన్లీ కూతురినీ అల్లుణ్ణీ మార్చి మార్చి చూశాడు. ఏదో తేడా ఉందని తెలుస్తోంది గానీ, మాట ఇచ్చేశాడాయె. "సరే, విందు బీరు మీదే. కానీ ఒక్క బకెట్ ఏ మూలకి? వచ్చే ఆదివారం ఇంకోటి కాయండి. ఒక్క పని అటూ ఇటూ కాకూడదు, అచ్చం ఇలాగే చెయ్యాలి. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటా."

హెటీ ఏప్రన్ చాటున గారెత్ చెయ్యి పట్టుకుంది. అచ్చం ఇలాగే చెయ్యాలంటే, వచ్చే ఆదివారం భోజనాల వేళకి వాళ్లిద్దరూ మళ్లీ ఒకరినొకరు అనుమానించుకోవాలి.