ప్రశాంతముగా నిద్రించినారు

ఆ రోజు ఉదయం టైలరు కొట్టు తెరవలేదు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, ఆసుపత్రిలో చేయబోయే ప్రార్థనను గట్టిగా వల్లె వేసుకుంటున్నాడు. అక్కడ మంచం పట్టిన మెకానిక్కు ఆయనకు నలభై ఏళ్ల స్నేహితుడు. గుండె ఆపరేషనుకు సంతకం పెట్టనని మొండికేసి కూర్చున్నాడు. "పాత బండికి కొత్త ఇంజనెందుకు? నేను లేకపోతే ఎవరి పని ఆగుతుంది గనక?" అన్నది ఆయన వాదన. సాయంత్రంలోగా సంతకం పడకపోతే ప్రాణానికి హామీ ఇవ్వలేమన్నారు డాక్టర్లు.

"నేను ప్రార్థన చేస్తే రాయైనా కరుగుతుంది. వాడెంత!" అన్నాడు టైలరు భార్యతో. ఆ గర్వం ఉత్తదేం కాదు. సంఘంలో ఆయన ప్రార్థనకు లేచాడంటే, అది ఎప్పటికి ముగుస్తుందోనని ఇంట్లో పొయ్యి ఆర్పకుండా వచ్చినవాళ్లకు కంగారు పుట్టేది.

అంతలో ఫోనుకు సందేశం వచ్చింది. పంపింది మెకానిక్కు భార్య. ఆమె రిటైరైన తెలుగు పంతులమ్మ. పాలవాడికి చీటీ రాసినా గ్రాంథికంలోనే రాస్తుంది. "మరిదిగారికి వందనములు. మీ అన్నగారు ఇప్పుడే ప్రశాంతముగా నిద్రించినారు. తొందరపడి రానక్కరలేదు."

చర్చికి వెళ్లేవాళ్లకు 'నిద్రించారు' అంటే ఒకటే అర్థం, ప్రభువు పిలుచుకున్నాడని. టైలరు ఇస్త్రీపెట్టెను చొక్కా మీదే వదిలేసి కూలబడ్డాడు.

ఏడుస్తూనే పాస్టరుగారికి చెప్పాడు. పాస్టరుగారు పాటల బృందానికి చెప్పారు. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది రెండు వీధులు దాటేసరికే పూలచక్రం తయారైంది. శవపెట్టె చేయడానికి వడ్రంగి ఫోను చేశాడు.

"పొడవెంతండీ?"

"అయిదడుగుల ఏడంగుళాలు. భుజాల దగ్గర కాస్త వదులుంచు," అన్నాడు టైలరు, ఆ ఏడుపులోనూ వృత్తి మరవకుండా.

గంటలో పద్దెనిమిది మంది ఆసుపత్రికి చేరారు. పూలచక్రం చూసి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. పంతులమ్మ మందుల కోసం కిందికి వెళ్లింది. గదిలో మెకానిక్కు, వెలుతురు పడకుండా ముఖం మీదికి దుప్పటి లాక్కుని పడుకుని ఉన్నాడు.

టైలరు మోకాళ్ల మీద పడ్డాడు. వల్లె వేసిన ప్రార్థనలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ప్రభువా, వీడు నా కుట్టుమిషను ముప్పైసార్లు బాగుచేశాడు. ఒక్కసారీ ఎవరికీ చెప్పుకోలేదు. నేనైతే గుండీ కుట్టినా ఊరంతా చెప్పుకున్నా. మా ఆవిడ కాన్పు కష్టమైన రోజు, చెడిపోయిన వ్యాను వానలో తడుస్తూ బాగుచేసి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చింది వీడే. నా బిడ్డ బతికింది వీడి చేతుల వల్లే తండ్రీ. వీడు నా స్నేహితుడని చెప్పుకోవడం కంటే నాకు వేరే గొప్ప లేదు. ఆ మాట వీడితో ఒక్కరోజూ అనలేదు. ఇప్పుడెవరితో అనను?"

అందరూ ఘొల్లుమన్నారు. ఆ ఏడుపులోనే పాటల బృందం పాట ఎత్తుకుంది.

"శ్రుతి బాగా దిగిపోయింది," అంది దుప్పటి.

పూలచక్రం జారి కిందపడింది. పాటల బృందం సగం తలుపులో ఇరుక్కుంది. "స్తోత్రం, స్తోత్రం!" అంటూ పాస్టరుగారు గోడకు అతుక్కుపోయారు. మందుల సంచితో వచ్చిన పంతులమ్మ విషయం విని మండిపడింది.

"నిద్రించినారంటే నిద్రపోయారని! వ్యాకరణంలో ఏం తప్పుందయ్యా?"

టైలరుకు మాత్రం ఆ మాటలేవీ చెవికెక్కలేదు. దుప్పటి తీసి చూస్తే మెకానిక్కు కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎప్పుడు మేలుకున్నావురా?"

"నీ ప్రార్థనలో కుట్టుమిషను దగ్గర."

"మరి పలకవేం?"

"నలభై ఏళ్లలో మొదటిసారి నీ ప్రార్థన అప్పుడే అయిపోకూడదనిపించిందిరా." మెకానిక్కు చెయ్యి చాచాడు. "ఆ ఆపరేషను కాగితం ఇలా తే. నా పేరు చెప్పుకుని గొప్పపడేవాడు ఒకడున్నాడుగా, పెడతా సంతకం."

పెట్టాడు. టైలరు కళ్లు తుడుచుకుని, అప్పుడే లోపలికి వచ్చిన నర్సుతో, "వీడు నా స్నేహితుడమ్మా!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

నర్సు కిందపడ్డ పూలచక్రాన్ని ఒకసారి చూసి, బతికున్న పేషెంటు దగ్గర ఇద్దరికి మించి ఉండకూడదని అందరినీ బయటికి పంపేసింది.