తోకల్లేని ఎద్దులు

ఆ పొద్దున హిమజకున్నది ఒకటే పని. బస్టాండుకు పోయి ఐసు డబ్బా తేవాలి, అవ్వ మంచం కింద దాచిన పైపును అందులో పెట్టుకుని రాత్రి బెంగళూరు బస్సెక్కాలి. పైపులో ఉన్నది ఇనుప గనుల దగ్గరి తమ ఊరు బండ్రి పక్క చెరువు అడుగు నుంచి తీసిన మట్టి. పైన నిన్నటిది, కింద అయిదు వందల ఏళ్ల నాటిది. అందులో డయాటమ్‌లనే నాచు పెంకులుంటాయి, కంటికి ఆనవు. వాటిలో బరువైన ఆక్సిజన్ ఎక్కువుంటే ఆ కాలంలో చెరువు ఎండిందని, తక్కువుంటే వానలు దండిగా పడ్డాయని అర్థం. ల్యాబులో మెషిన్ మీద ఆమె వంతు ఎల్లుండి. అది తప్పితే మళ్లీ ఏడాది దాకా రాదు, పీహెచ్‌డీ గోవిందా.

తిరిగొచ్చేసరికి కడిగిన పైపు పెరట్లో ఆరుతోంది.

"అవ్వా! మట్టి ఏమైంది?"

"ఈ పొద్దు మట్టెద్దుల అమావాస్య కదమ్మీ!" అంది తిమ్మమ్మ తృప్తిగా. "వెన్న మాదిరి మట్టి తెచ్చినావు, ఒక్క రాయి లేదు. వీధిలో పన్నెండిండ్లకూ ఇంటికో జత ఎద్దులు చేసిచ్చినా."

హిమజ ఐసు డబ్బా అక్కడే పడేసింది. పక్కింటి ఓబులమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"పిన్నమ్మా, ఆ ఎద్దులిచ్చేయ్! యాసిడ్‌లో కడిగి నాచు పెంకులు తీయాల!"

"పూజ చేసిన బసవణ్ణను యాసిడ్‌లో ముంచుతావా? నీకేం పొయ్యేకాలమొచ్చిందే!" ఓబులమ్మ అరుపు మూడు వీధులకు వినబడింది.

"అట్ల కాదు పిన్నమ్మా, అవి వానల సంగతి చెప్తాయి!"

నిజమే చెప్పింది పాపం. అదే కొంప ముంచింది. గంటలో ఊరు ఊరంతా తమ ఎద్దులు కూడా వాన సంగతి చెప్పాలని తెచ్చి తిమ్మమ్మ అరుగు మీద పెట్టింది. లారీ హంపన్న ఏకంగా రెండు జతలు తెచ్చాడు. "ఒకటి మా మడికి, ఇంగోటి స్టాండ్‌బై" అన్నాడు. అన్నిటికీ అదే పసుపు, అదే కుంకుమ. వాటిలో తన ఎద్దులేవో తెలియక హిమజ అక్కడే కూలబడి భోరుమంది.

"సుమ్నె ఊరుకో పాపా, ఇంతదానికి ఏడుస్తారా?" తిమ్మమ్మ విసుక్కుంది. "నా ఎద్దులకు తోకలుండవు. తోకలు చేసే ఓపిక నాకు యాడిది?"

"వరస పోయింది కదవ్వా! ఏది పై మట్టో, ఏది కింది మట్టో!"

"పైనుంచి బెత్తెడు బెత్తెడు కోసుకుంటా వీధి మొదట్నుంచి ఇచ్చినా. మొదటింటిది గని దుమ్ముకు ఎర్రగుండాది, సూడు. రెండు రకాల మట్టి కలిపితే ఎద్దు పగులుతాదని నాకు తెలీదా?"

హిమజ ఏడుపు ఆగిపోయింది. ల్యాబులో తను గంటలు గంటలు కోయాల్సిన ముక్కలన్నీ అవ్వ పొద్దున్నే కోసేసింది. ఇక మిగిలింది ఓబులమ్మ.

"ఎట్లాగూ పూజయినాక నీళ్లల్లో ముంచేవే కదే ఓబులీ," అంది తిమ్మమ్మ. "చెరువైతేనేం, యాసిడైతేనేం?"

సాయంత్రం హారతి అయ్యాక, ఎవరివి వాళ్లు గుర్తుపట్టి చూపగా, తోకల్లేని పన్నెండు జతలూ ఇంటి నంబర్లతో సహా బస్సెక్కాయి. ఆరు నెలలకు ఫలితాలొచ్చాయి. అయిదు వందల ఏళ్లలోకెల్లా ఘోరమైన కరువు ఓబులమ్మ ఎద్దుల్లో తేలింది.

ఆమె ఇప్పటికీ హిమజతో మాట్లాడడం లేదు.