చాపెల్ సందు మలుపులో గుర్రాల తొట్టి

మంగళవారం తెల్లవారేసరికి మబ్బు దిగివచ్చి ప్రార్థనా మందిరం కప్పు మీద కూర్చుంది. వాన పడలేదు, పడనని చెప్పనూ లేదు. రష్‌బ్యాంక్ గుట్ట మీద దాన్ని మంచి వాతావరణం అంటారు.

నార్మన్ సగ్డెన్ భార్య హిల్డా తుంటి ఆపరేషనై ఆసుపత్రిలో ఉంది. శుక్రవారం ఇంటికి వస్తుంది. ఈలోపు అతను వంటింట్లో రాతి సింకు తీసేసి స్టీలుది బిగించాడు. పాతదాన్ని ఆ ఉదయం చాపెల్ సందు మలుపు దాకా లాగి గోడవార పెట్టాడు. మధ్యాహ్నం చెత్త లారీ వచ్చి పట్టుకుపోవాలి. హిల్డాను మెట్లెక్కించొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటికి ఉన్నవేమో రెండే దారులు. పబ్బు పక్కనుంచి అరవై ఒక్క మెట్లు, లేదంటే కారు ఎలాగో పట్టే ఈ సందు.

లారీ రాలేదు. నార్మన్ టీ తాగి వచ్చేసరికి సింకు నిండా పూలమొక్కలున్నాయి. వాటి ముందు గ్రామ వారసత్వ సంఘం అధ్యక్షురాలు మిసెస్ క్రాబ్‌ట్రీ మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

"చూశారా నార్మన్ గారూ, గుర్రాలకి నీళ్లు పెట్టే పాత తొట్టి. ఇన్నాళ్లూ మన కళ్లకి ఆనలేదు."

"అది నాదండీ."

"మీదే. నాదీ. మనందరిదీ," అందామె మట్టి అదుముతూ.

మొక్క నాటుతున్న మనిషిని తప్పుపట్టడం ఆ గుట్ట మీద మర్యాద కాదు. నార్మన్ టోపీ సర్దుకుని ఇంటికి పోయాడు.

బుధవారం పబ్బు మేడ మీద సంఘం సమావేశమైంది. తొట్టి పద్దెనిమిదో శతాబ్దానిదని తేల్చారు. తేల్చిన ఏడుగురిలో ఇద్దరి వంటిళ్లలో మొన్నమొన్నటి దాకా అలాంటి సింకులే ఉండేవి. నార్మన్ అసలు సంగతి చెబుదామని చెయ్యెత్తాడు. ఆ చేతినీ లెక్కేసుకుని తీర్మానం ఏకగ్రీవమని రాసుకున్నారు.

గురువారం తొట్టి పక్కన, అది పద్దెనిమిదో శతాబ్దపు గుర్రాల తొట్టి అని రాసిన బోర్డు వచ్చింది. తొట్టికి బండ్లు తగలకుండా సందుకు అడ్డంగా రెండు ఇనుప గుంజలూ వచ్చాయి.

"రేపు హిల్డా కార్లో వస్తుందండీ," అన్నాడు నార్మన్. ఆ వారంలో అతను అన్న మాటల్లో అదే పొడుగైనది.

"అయ్యో, అలాగా. ఓ అర్జీ రాసివ్వండి. పద్నాలుగో తారీఖున మళ్లీ కూర్చుంటాం."

శుక్రవారం టాక్సీ గుంజల ముందు ఆగిపోయింది. అప్పుడే వాన అందుకుంది. బోర్డు ముందు ఫొటో దిగడానికి వచ్చిన సంఘం మొత్తం గొడుగుల కింద నిలబడి ఉంది. వానలో చేతికర్రల మీద నిలబడ్డ ఆడమనిషిని చూస్తూ ఊరుకోవడం కూడా అక్కడ మర్యాద కాదు. పబ్బులోంచి కుర్చీ తెచ్చారు. హిల్డాను కూర్చోబెట్టి నలుగురు ఎత్తారు, ముగ్గురు గొడుగులు పట్టారు.

"కాస్త దించండి," అంది హిల్డా మలుపులో. బోర్డు రెండుసార్లు చదివింది. సింకు మూల పగులు మీద వేలు పెట్టింది. "ఇది డెబ్బై ఎనిమిదిలో నా చేతిలోంచి ఇనప పెనం జారి పడ్డ పగులు. ఏమయ్యా నార్మన్, నువ్వు చెప్పలేదూ?"

"చెప్పాను. ఓటేసుకున్నారు."

మిసెస్ క్రాబ్‌ట్రీ మొహం తెల్లబోయింది. "బోర్డు ఇప్పుడే తీయించేస్తానండీ."

"ముట్టుకున్నారంటే ఊరుకోను. నలభయ్యేళ్లు దాన్లో అంట్లు తోమితే ఈ గుట్ట మీద ఒక్కరూ ఒక్క పువ్వు పెట్టలేదు. ఇప్పటికి పెట్టారు, ఉండనీండి. ఆ గుంజలు మాత్రం పీకండి. ముందు నన్ను ఇంటికి చేర్చండి, తడుస్తున్నాను."

చేర్చారు. ఎగువ ఎక్కి రొప్పుతున్న మనుషుల్ని వానలోకి పంపడం హిల్డాకు చేతకాలేదు. పొయ్యి మీద నార్మన్ వండిపెట్టిన కీమా, ఆలుగడ్డల కూర ఉంది. తొమ్మిది మందీ ఒకే బల్ల చుట్టూ మోచేతులు తగిలేలా కూర్చున్నారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు.

ఆ పూట అంట్లు వారసత్వ సంఘమే తోమింది.